జీపు క్లచ్ ప్లేటు చెప్పే చరిత్ర

సైనిక చరిత్ర అనగానే మనకు గుర్తొచ్చేవి యుద్ధాలు, సేనాధిపతులు, పతకాలు. వాటి గురించి రాయడానికి పెద్ద చదువులు చదివినవారు చాలామంది ఉన్నారు. ఇంటర్మీడియట్ పాసై, సికిందరాబాద్ ఇ.ఎం.ఇ. సెంటర్‌లో రంగరూటుగా చేరి, వెహికిల్ మెకానిక్ ట్రేడులో 28 ఏళ్లు పనిచేసి సుబేదారుగా రిటైరైన నాబోటి వాడికి తెలిసిన చరిత్ర వేరు. అది స్పానర్ పట్టిన చేతికి తెలిసిన చరిత్ర. ఈ ఏడాది సంచికకు ఏదైనా రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు ఇంతవరకు మన సంచికలో ఎవరూ ముట్టుకోని వస్తువొకటి ఎంచుకున్నాను. అదే క్లచ్ ప్లేటు.

నవ్వకండి. కొండ దారిలో రేషన్, మందులు, గుళ్లు పైకి చేరాలన్నా, జబ్బుపడ్డ జవాను కిందికి దిగాలన్నా, ఇంజన్ బలమంతా ఆ పళ్లెమంత ముక్క గుండానే పోవాలి. అది జారిపోతే ఎంత గొప్ప ఇంజనైనా అరుస్తుంది గాని బండి కదలదు. ఫ్యాక్టరీ ఇచ్చిన క్లచ్ పనికి చాలకపోతే ఏం చేయాలన్న ప్రశ్న జీపు పుట్టిన నాటి నుంచి ఉంది. దానికి సైన్యం, కర్మాగారాలు, మెకానిక్‌లు కలిసి నేర్చుకున్న జవాబే ఈ వ్యాసం.

క్లచ్ పని ఏమిటి?

మన సంచిక ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు కూడా చదువుతారు కాబట్టి ముందు రెండు ముక్కలు చెప్తాను. ఇంజన్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. చక్రాలు ఒకసారి తిరగాలి, ఒకసారి ఆగాలి. ఈ రెండింటినీ కలపడానికీ, విడదీయడానికీ మధ్యలో ఉన్న ఏర్పాటే క్లచ్. ఇంజన్ వెనకాల ఫ్లైవీల్ అనే బరువైన ఇనుప చక్రం ఉంటుంది. దానికి ఆనుకుని రెండు పక్కలా లైనింగ్ అంటించిన క్లచ్ ప్లేటు, ఆ ప్లేటును స్ప్రింగుల బలంతో ఫ్లైవీల్‌కి అదిమి పట్టే ప్రెజర్ ప్లేటు ఉంటాయి. తిరుగుతున్న గ్రైండర్ రాయి మీద అరచెయ్యి ఆనించినట్టు ఊహించుకోండి. మెల్లగా ఆనిస్తే రాయి చేతికింద జారిపోతుంది. గట్టిగా నొక్కితే చేతిని తనతో లాక్కుపోతుంది. క్లచ్ పనీ అంతే.

కాబట్టి క్లచ్ ఎంత బలాన్ని మోయగలదన్నది మూడు సంగతుల మీద ఆధారపడుతుంది. ఒకటి, లైనింగ్‌కు ఎంత పట్టు ఉంది. రెండు, స్ప్రింగులు ఎంత గట్టిగా నొక్కుతున్నాయి. మూడు, మధ్య నుంచి ఎంత దూరంలో నొక్కుతున్నాయి, అంటే ప్లేటు ఎంత పెద్దది. ఈ మూడు గుర్తుంటే మిగతా చరిత్ర అంతా సులభంగా అర్థమవుతుంది.

మొదటి రోజుల మోటారు కార్లలో ఈ పనికి తోలు తొడిగిన శంకువు ఆకారపు క్లచ్‌లు వాడేవారు. తోలు ఎండితే బండి ఎగిరి దూకేది, నూనె తగిలితే జారేది. తర్వాత ఒకే ప్లేటు ఉన్న పొడి క్లచ్ వాడుకలోకి వచ్చింది. అమెరికాలో బోర్గ్ అండ్ బెక్ పేరు ఈ రకం క్లచ్‌కు మారుపేరులా అయింది. జీపులో పెట్టింది ఆ కంపెనీ ప్లేటే.

తూకం కోసం చిక్కిన బండి

1940 వేసవిలో అమెరికా సైన్యం ఒక చిన్న నాలుగు చక్రాల డ్రైవు బండి కావాలని కంపెనీలను అడిగింది. మొదట పెట్టిన షరతు ప్రకారం బండి బరువు 1,300 పౌండ్లు దాటకూడదు. ఆ బరువులో అలాంటి బండి చేయడం ఎవరి వల్లా కాదని తేలిన తర్వాత, షరతును 2,160 పౌండ్లకు సడలించారు. విల్లీస్ కంపెనీ ఇంజనీరు డెల్మార్ రూస్ చేతిలో మంచి బలమైన ఇంజన్ ఉంది గాని ఆయన బండి బరువు హద్దు దాటింది. ఆయన బండిని విప్పించి, ప్రతి భాగాన్నీ తూకం వేయించి, పొడవున్న బోల్టులు కత్తిరించి, మందం ఉన్న చోట రేకు పలచన చేయించి ఆ హద్దులోకి తెచ్చాడు. అలా గెలిచిన నమూనాయే తర్వాత విల్లీస్ ఎంబీ అయింది. దానినే ఫోర్డ్ కంపెనీ కూడా తయారు చేసింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేలోగా రెండు కంపెనీలూ కలిసి 6 లక్షలకు పైగా జీపులు చేశాయి.

ఆ జీపు ఇంజన్ 2.2 లీటర్లు, 60 గుర్రాల శక్తి. దాని టార్క్, అంటే తిప్పుడు బలం, 105 పౌండ్-అడుగులు. అందులో ఫ్యాక్టరీ పెట్టిన క్లచ్ ప్లేటు 7⅞ అంగుళాలు. ప్రెజర్ ప్లేటులో మూడే మూడు స్ప్రింగులు. ఆ క్లచ్ మోయగలిగింది 132 పౌండ్-అడుగులు. అంటే ఇంజన్ ఇచ్చే దానికన్నా నాలుగో వంతు ఎక్కువ. కాగితం మీద చూస్తే లెక్క సరిగ్గానే ఉంది. బండి మోయాల్సింది 800 పౌండ్లు, వెనక లాగాల్సింది పావు టన్ను ట్రైలర్ అనుకుని వేసిన లెక్క అది. ఔన్సు ఔన్సూ మిగిల్చి చేసిన బండిలో అవసరానికి మించిన క్లచ్ ఎవరు పెడతారు?

అయితే యుద్ధం కాగితం ప్రకారం జరగదు కదా. జీపు వెనక ఫిరంగులు కట్టారు. ముందు స్ట్రెచర్లు కట్టారు. కొద్దిమంది ఎక్కాల్సిన చోట పదిమంది ఎక్కారు. 1944లో ఉత్తర బర్మాలో జపాను వాళ్లు రైలు ఇంజన్లను పనికిరాకుండా చేసి పోతే, మనవైపు వాళ్లు జీపులకు రైలు చక్రాలు బిగించి, పట్టాల మీద సరుకు పెట్టెలను లాగించారు. ఈ పనులేవీ డిట్రాయిట్, టొలీడో నగరాల్లో గీసిన నక్షాలో లేవు. వాటి బరువంతా పడింది ఆ 7⅞ అంగుళాల ప్లేటు మీదే.

ఇక్కడ ఒక తేదీ చెప్పుకోవాలి. వేల కొద్దీ కొత్త వాహనాలు వచ్చిపడుతున్న ఆ రోజుల్లోనే, 1943లో, మన ఇ.ఎం.ఇ. కోర్ పుట్టింది. అక్టోబరు 15 మన కోర్ దినం. అప్పటివరకు వాహనాల మరమ్మతు ఇతర శాఖల పనుల్లో ఒకటిగా ఉండేది. యుద్ధంలో బండి ఎంత ముఖ్యమో, బండి బాగుచేసే చెయ్యి అంతే ముఖ్యమని తెలిసొచ్చాక దానికి ప్రత్యేకంగా ఒక కోర్ ఏర్పడింది. "కర్మ హీ ధర్మ" అన్నది మా వాక్యం.

అర అంగుళం పైచిలుకు పాఠం

యుద్ధం ముగియగానే 1945లో విల్లీస్ కంపెనీ అదే జీపును రైతులకు అమ్మబోయింది. నాగలి కట్టాలి, బావి నుంచి నీళ్లు తోడే పంపు తిప్పాలి, కలప లాగాలి. ఇవన్నీ గంటల తరబడి నెమ్మదిగా నడిచే బరువు పనులు. కంపెనీ అప్పుడు చేసిన మార్పులు చూడండి. క్లచ్ ప్లేటు 7⅞ నుంచి 8½ అంగుళాలకు పెరిగింది. అంతేకాదు, గేర్‌బాక్సు మార్చి ఇంకా గట్టిది పెట్టారు. ట్రాన్స్‌ఫర్ కేసులో లో రేంజి నిష్పత్తి 1.97 నుంచి దాదాపు 2.4కి పెంచారు. యాక్సిల్ నిష్పత్తి 4.88 నుంచి 5.38కి పోయింది.

పెరిగింది అర అంగుళం పైచిలుకే కదా అనిపిస్తుంది. కాని గుండ్రటి వస్తువు వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. లోపలి రంధ్రం కూడా అదే పాళ్లలో పెరిగిందనుకుంటే లైనింగ్ వైశాల్యం ఆరో వంతు పెరిగినట్టు. వైశాల్యం పెరిగితే వేడి పరుచుకుంటుంది, అరుగుదల తగ్గుతుంది. పట్టు మాత్రం స్ప్రింగు బలాన్ని బట్టీ, మధ్య నుంచి దూరాన్ని బట్టీ పెరుగుతుంది. తర్వాతి దశాబ్దాల్లో అదే జాతి జీపులకు 9¼ అంగుళాల సెట్టు వచ్చింది. పాత జీపులను బాగుచేసుకునేవాళ్లు ఈనాటికీ ఆ పెద్ద సెట్టు బిగిస్తుంటారు. దానికోసం ఫ్లైవీల్ మార్చాలి, లేదా ఉన్నదానికే కొత్త కొలతల్లో రంధ్రాలు వేయించాలి.

నా దృష్టిలో ఈ మార్పులో అసలు పాఠం ప్లేటు సైజు కాదు. క్లచ్ ఒక్కటే పెంచి ఊరుకోలేదు, పనికి తగ్గట్టు గేర్లు కూడా కిందికి దించారు. గేరు కిందికి దిగితే బండి కదలడానికి క్లచ్‌ను జార్చాల్సిన సమయం తగ్గుతుంది. క్లచ్‌ను కాల్చేది బరువు కాదు, ఆ జారుడు. ఈ ఒక్క మాట అర్థమైతే సగం బళ్ల క్లచ్‌లు రెట్టింపు కాలం బతుకుతాయి.

జోజీ లా నుంచి ఖేమ్ కరణ్ దాకా

స్వాతంత్ర్యం వచ్చేసరికి మన సైన్యంలో యుద్ధకాలపు జీపులే ఎక్కువ. 1947 తర్వాత బొంబాయిలో మహీంద్రా వారు విల్లీస్ జీపులను బిగించడం మొదలుపెట్టారు. ఊళ్లలో డిస్పోజల్ జీపులు కొని సినిమా ప్రచారానికీ, ఎన్నికలకీ తిప్పిన రోజులు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి.

1948లో కాశ్మీర్ యుద్ధంలో జోజీ లా కనుమ దగ్గర మన దారి మూసుకుపోయింది. దాదాపు 11,500 అడుగుల ఎత్తు. అక్కడ ఉన్నది కంచరగాడిదల బాట. దాన్ని మద్రాస్ శాపర్లు జీపు, ట్యాంకు పోగలిగేలా వెడల్పు చేశారు. మద్రాస్ శాపర్లలో మన తెలుగువాళ్లు ఎప్పుడూ ఉన్నారని ఈ సంచిక పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. 7వ కావల్రీ వారి స్టువర్ట్ ట్యాంకులకు టరెట్లు విప్పి రహస్యంగా శ్రీనగర్ మీదుగా బాల్తాల్ చేర్చి, అక్కడ మళ్లీ బిగించారు. నవంబరు 1న ఆ ట్యాంకులు కనుమ దాటాయి. జనరల్ తిమ్మయ్య ముందు ట్యాంకులో ఉన్నారు. ఇది చరిత్ర పుస్తకాల్లో ఉంది. కాని ఆ ఎత్తులో ఇంజన్‌కి ఏమవుతుందో మెకానిక్‌ను అడగాలి.

మామూలు పెట్రోలు ఇంజన్ ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ నూటికి మూడు పాళ్ల చొప్పున బలం కోల్పోతుంది. 11,500 అడుగులకు వచ్చేసరికి మూడో వంతు పోయినట్టే. బరువు తగ్గలేదు, ఏటవాలు తగ్గలేదు, ఇంజన్ బలం మాత్రం తగ్గింది. అప్పుడు డ్రైవరు ఏం చేస్తాడు? యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి, చక్రాలు పెంచి, క్లచ్‌ను మెల్లగా వదులుతూ జార్చి జార్చి లాగిస్తాడు. మైదానంలో లక్ష కిలోమీటర్లు నడిచిన క్లచ్ కొండ మీద ఒకటి రెండు సీజన్లలో కాలిపోవడానికి కారణం ఇదే. ఎత్తు మీద ఇంజన్ బలహీనపడుతుంది, శిక్ష క్లచ్‌కు పడుతుంది.

1965 నాటికి జీపు మీద ఇంకో బరువు ఎక్కింది. 106 ఎం.ఎం. ఆర్.సి.ఎల్. గన్ ఒక్కటే 200 కిలోల పైమాట. దాని గుండు ఒక్కొక్కటి 17 కిలోల దాకా ఉంటుంది. గన్, గుళ్లు, మనుషులు కలిపితే ఆ చిన్న జీపు మీద ఎంతో లెక్క వేసుకోండి. ఆ గన్ పేలితే వెనక దుమ్ము లేచి శత్రువుకు చోటు తెలిసిపోతుంది. అందుకే పేల్చగానే అక్కడి నుంచి కదలాలి. 1965 సెప్టెంబరులో ఖేమ్ కరణ్ దగ్గర, చీమా గ్రామం ముందు, 4 గ్రెనేడియర్స్‌కు చెందిన కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్ అలాగే చోటు మారుస్తూ, జీపు మీది గన్‌తో శత్రువు ప్యాటన్ ట్యాంకులను కొట్టి వీరమరణం పొందారు. పరమవీర చక్ర అందుకున్న ఆ వీరుడి ధైర్యానికి ఏ యంత్రమూ సాటిరాదు. అయినా మెకానిక్‌గా నేను ఆ చరిత్ర చదివినప్పుడల్లా ఆ జీపు గురించి కూడా ఆలోచిస్తాను. పేల్చడం, కదలడం, ఆగడం, మళ్లీ పేల్చడం. ఒక్కొక్క కదలికా చెరకు పొలాల మెత్తటి నేలలో ఒక్కొక్క క్లచ్ దెబ్బ. అలాంటి రోజు క్లచ్ "రేపు మారుద్దాంలే" అనే స్థితిలో ఉండకూడదు.

జోంగా, జిప్సీ, ఆ తర్వాత

1969 నుంచి జబల్‌పూర్‌లో నిస్సాన్ లైసెన్సుతో జోంగా తయారైంది. పేరు జపాను మాటలా వినిపిస్తుంది గాని, అది జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ అన్న మాటల మొదటి అక్షరాలు. దాదాపు 4 లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్. కింద నుంచే లాగే గుణం. పెట్రోలు మాత్రం నీళ్లలా తాగేది. నేను చేరిన కొత్తలో మా ఉస్తాద్‌లు మాకు క్లచ్ పాఠం చెప్పింది ఆ బండి కిందే.

మారుతి జిప్సీ 1985 డిసెంబరులో బజారులోకి, 1991లో సైన్యంలోకి వచ్చింది. తేలిక బండి, చలిలో వెంటనే స్టార్ట్ అవుతుంది, ఇరుకు దారిలో తిరుగుతుంది. మొత్తం మీద 30 వేలకు పైగా జిప్సీలు సైన్యానికి అందాయి. 1996లో 1.3 లీటర్ల ఇంజన్, 2000లో 80 గుర్రాల ఎం.పి.ఎఫ్.ఐ. ఇంజన్ వచ్చాయి. ఇక్కడ చాలామందికి తెలియని లెక్క ఒకటి ఉంది. పాత విల్లీస్ 60 గుర్రాలదే గాని దాని టార్క్ నేటి కొలతలో 142 న్యూటన్ మీటర్లు, అదీ 2000 చక్రాల దగ్గర. 80 గుర్రాల జిప్సీ టార్క్ 103 న్యూటన్ మీటర్లు, 4500 చక్రాల దగ్గర. అంటే గుర్రాలు పెరిగాయి, కింది నుంచి లాగే బలం తగ్గింది. ఇది లోపం కాదు, ఆ ఇంజన్ స్వభావం అంతే. కాని జీపు, జోంగా నడిపిన అలవాటుతో హై రేంజిలోనే కొండ ఎక్కించబోయిన డ్రైవరు క్లచ్ జార్చక తప్పదు. చిన్న ఇంజన్ బండికి లో రేంజి ఇచ్చింది వాడుకోవడానికే.

ఆ తర్వాత సైన్యం 500 కిలోల తరగతి నుంచి 800 కిలోల తరగతికి మారింది. 2017లో 3,192 టాటా సఫారీ స్టార్మ్‌లకు, 2023లో మొదట 1,470, తర్వాత మరో 1,850 మహీంద్రా స్కార్పియోలకు ఆర్డర్లు వెళ్లాయి. ఇవి టర్బో డీజిళ్లు. తక్కువ చక్రాల దగ్గరే హఠాత్తుగా బలం వస్తుంది. అందుకు తగ్గట్టు క్లచ్‌లు కూడా పెద్దవయ్యాయి. మూడు స్ప్రింగుల రోజులు పోయి, పళ్లెంలా ఉండే ఒకే డయాఫ్రమ్ స్ప్రింగు వచ్చింది. పెడల్ తేలికైంది, ప్లేటు అరిగినా నొక్కుడు బలం పెద్దగా తగ్గదు.

లైనింగ్ సంగతి కూడా చెప్పాలి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. బెల్ హౌసింగ్ విప్పగానే గాలి పైపు పెట్టి ఊదితే గోధుమరంగు దుమ్ము లేచేది. ఆ దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుందని ఇప్పుడు అందరికీ తెలుసు. ఇప్పుడు ఆస్‌బెస్టాస్ లేని లైనింగులు వచ్చాయి. అయినా పాత బండి విప్పేవాళ్లు గాలితో ఊదకండి. తడిగుడ్డతో తుడవండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి.

కొండ మీద మేము చూసింది

ఇక నా సొంత అనుభవం ఒకటి. లడఖ్‌లో ఒక యూనిట్ ఎల్.ఏ.డి.లో ఉన్నాను. మా దగ్గర ఒకే తయారీ, ఒకే లాటుకు చెందిన తేలిక వాహనాలు ఉండేవి. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఒక పోస్టుకు రోజూ నీళ్లు, కిరోసిన్, రేషన్ మోసేవి. ఫ్యాక్టరీ క్లచ్ సీజన్ పూర్తిగా ఆగేది కాదు. "సాబ్, పట్టట్లేదు" అంటూ డ్రైవర్లు వచ్చేవారు. కాలిన వాసన బండి కన్నా ముందే పార్కులోకి వచ్చేది.

మా హవల్దార్ మేజర్, నేను కూర్చుని లాగ్ బుక్కులు తిరగేశాం. అన్ని బళ్లలో ఒకటి మాత్రం మిగతా వాటికి రెట్టింపు నడిచింది. దాన్ని నడిపేది విజయనగరం జిల్లా కుర్రాడు. పిలిచి అడిగాను.

"ఏంరా తమ్ముడూ, నువ్వేమైనా ప్రత్యేకంగా చేస్తున్నావా?"

"ఏం లేదు సాబ్. పోస్టు మలుపు కాడ బండి ఆపేసి లో రేంజి వేసుకుంటాను. పది నిమిషాలు లేటయినా పర్లేదు. ఎక్కేటప్పుడు హాఫ్ క్లచ్ మీద నిలబెట్టను, హ్యాండ్ బ్రేకు లాగుతాను. మా నాన్న ట్రాక్టరు డ్రైవరండి, కాలు క్లచ్ మీద పెడితే కర్రతో కొట్టేవాడు."

మిగతా డ్రైవర్లందరికీ ఆ కుర్రాడి చేతే క్లాసు పెట్టించాం. తేడా కనిపించింది. అయినా పూర్తిగా తీరలేదు. బాగా నడిపినా ఆ బరువుకు, ఆ ఎత్తుకు ఆ క్లచ్ చాలదని లెక్కతో తేలింది. అప్పుడు కిలోమీటర్లు, మోసిన బరువు, ఏటవాలు, విప్పినప్పుడు లైనింగ్ మందం అన్నీ రాసి డిఫెక్ట్ రిపోర్టు పంపాం. సైన్యంలో ఎవరికి తోచిన భాగం వాళ్లు బిగించడానికి లేదు. ప్రతి మార్పుకూ ఇన్‌స్ట్రక్షన్ ఉండాలి. కొన్ని నెలలకు మెరుగైన సెట్టు వచ్చింది. ముందుగా ఒక్క బండికే.

ఆ సెట్టు బిగించిన వారంలోనే ఒక సాయంత్రం పోస్టులో ఒక జవానుకు ఊపిరి అందడం లేదని కబురొచ్చింది. ఎత్తు మీద ఊపిరితిత్తుల్లో నీరు చేరే జబ్బు. దానికి మొదటి మందు కిందికి దించడమే. నర్సింగ్ అసిస్టెంట్ ఆక్సిజన్ పెట్టి అక్కడున్న బండిలో ఎక్కించాడు. పోస్టుకూ ఎం.ఐ. రూముకూ మధ్య ఒక ఎత్తైన మలుపు ఉంది. దిగుడులో బాగానే వచ్చిన బండి ఆ ఎక్కుడులో ఆగిపోయింది. ఇంజన్ అరుస్తోంది, చక్రం తిరగదు. వైర్‌లెస్‌లో చెప్పగానే కొత్త సెట్టు ఉన్న బండి వేసుకుని మేము బయల్దేరాం. రోగిని ఇందులోకి మార్చి, లో రేంజిలో, ఒక్కసారి కూడా ఆగకుండా ఆ మలుపు దాటించాం. డాక్టరు సాబ్ చూసి, ఇంకో రెండు గంటలు పైనే ఉంటే కష్టమయ్యేది అన్నారు. ఆ జవాను బతికి బట్టకట్టి, సెలవు నుంచి వచ్చేటప్పుడు మాకు వాళ్ల ఊరి బెల్లం తెచ్చాడు. డిఫెక్ట్ రిపోర్టు అంటే కాగితం పని అని విసుక్కునేవాళ్లకు నేను ఈ సంగతే చెప్పేవాణ్ణి.

బలం ఎక్కువైనా ముప్పే

దీనికి రెండో వైపు కూడా ఉంది. పక్క యూనిట్ నుంచి ఒక బండి మా దగ్గరకు వచ్చింది. దాంట్లో ఎవరో బయటి బజారు నుంచి బాగా గట్టి స్ప్రింగు, లైనింగ్ బదులు లోహపు బొత్తాలున్న రేసు బళ్ల రకం ప్లేటు తెచ్చి బిగించారు. క్లచ్ జారడం ఆగిపోయింది, నిజమే. కాని పెడల్ తొక్కితే డ్రైవరు మోకాలు పట్టేసేది. వదిలితే బండి గుర్రంలా ఎగిరేది. నెల తిరక్కుండా రిలీజ్ బేరింగ్ పోయింది. ఆ తర్వాత ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ విరిగింది.

ఎందుకంటే క్లచ్ ఇంట్లో ఫ్యూజు లాంటిది. బండి రాయికి తగిలి చక్రం బిగిసినప్పుడు ఎక్కడో ఒకచోట జారాలి. క్లచ్ జారితే కాస్త వాసన వస్తుంది, అంతే. క్లచ్ జారకపోతే గేరు పళ్లో, యాక్సిలో విరుగుతుంది. కాబట్టి క్లచ్ బలం ఇంజన్‌కే కాదు, చేసే పనికీ సరిపోవాలి. అలాగని దాని వెనకున్న భాగాలు తట్టుకోలేనంత మొండిగా ఉండకూడదు. 1945లో విల్లీస్ వాళ్లు క్లచ్‌తోబాటు గేర్‌బాక్సును కూడా గట్టిపరచడం ఇందుకే తెలివైన పని అంటాను.

మార్చుకునేవాళ్లకు నాలుగు మాటలు

మన సంఘ సభ్యుల్లో రిటైరయ్యాక జీపులు, థార్‌లు, పాత జిప్సీలు పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. కొందరు జోంగా వేలంలో కొని డీజిల్ ఇంజన్ ఎక్కించారు. కొందరి పిల్లలు కంప్యూటర్‌తో ఇంజన్ బలం పెంచించుకుంటున్నారు. అలా పెంచినప్పుడు మొదట జారేది ఫ్యాక్టరీ క్లచ్చే. అందుకని చెప్తున్నాను.

ముందు జబ్బు తెలుసుకోండి. పెడల్‌లో ఫ్రీ ప్లే లేకపోతే మంచి క్లచ్ కూడా జారుతుంది. ఇంజన్ వెనక ఆయిల్ సీల్ కారితే లైనింగ్ నూనె తాగి జారుతుంది. ఈ రెండూ చూడకుండా క్లచ్ బలహీనం అనకండి.

మార్చేటప్పుడు ప్లేటు ఒక్కటే మార్చకండి. ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, పైలట్ బుష్, వెనక ఆయిల్ సీల్ అన్నీ ఒకేసారి మార్చాలి. గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు దించడానికే పని అంతా. ఇరవై రూపాయల బుష్ కోసం రెండోసారి దించడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఫ్లైవీల్ ముఖం మీద నీలి మచ్చలు, పగుళ్లు ఉంటే లేత్ మీద సాపు చేయించాలి, మరీ పోతే మార్చాలి.

బిగించేటప్పుడు పాత గేర్‌బాక్సు షాఫ్ట్ ముక్కతో ప్లేటును సరిగ్గా మధ్యకు తెచ్చి, ప్రెజర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. గేర్‌బాక్సు బరువు ప్లేటు మీద వేలాడనివ్వకూడదు, హబ్ వంగిపోతుంది. స్ప్లైన్ల మీద గ్రీజు పలచగా రాయాలి, ఎక్కువైతే లైనింగ్ మీదికి చిమ్ముతుంది. నీళ్లలో దిగే సైనిక బళ్లకు బెల్ హౌసింగ్ కింద రంధ్రానికి బిరడా ఉంటుంది. వాగు దాటాక దాన్ని తీసేయాలి, లేకపోతే కారిన నూనె లోపలే నిలుస్తుంది.

కొత్త ప్లేటు పెట్టాక కొన్ని వందల కిలోమీటర్లు బరువు వేయకుండా, జార్చకుండా నడపండి. లైనింగ్, ఫ్లైవీల్ ఒకదానికొకటి కుదురుకోవాలి.

చివరగా ఒక విన్నపం. మన పిల్లలు సాఫ్ట్‌వేరు వైపు పోతున్నారు, సంతోషమే. కాని ఇంటర్, ఐ.టి.ఐ. చదివి సైన్యంలో మెకానిక్ ట్రేడులో చేరదామనుకునే కుర్రాళ్లు ఇప్పటికీ మన జిల్లాల్లో ఉన్నారు. "మెకానిక్ పనా?" అని వాళ్లను తక్కువ చేయకండి. కొండ మీద బండి కింద పడుకుని, వేళ్లు కొంకర్లు పోతుండగా పది బోల్టులు సరిగ్గా బిగించిన కుర్రాడి పేరు ఏ పుస్తకంలోనూ రాదు. కాని ఆ బండిలో దిగివచ్చిన మనిషి ఇంట్లో దీపం వెలుగుతూ ఉంటుంది.

జై హింద్.